ఇంటి వెబ్ సర్వర్‌లో పీహెచ్‌పీ

ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్‌ను వెబ్ సర్వర్‌గా మలచుకుని, దాని మీద పీహెచ్‌పీ అనే స్క్రిప్టింగ్ భాషను నడపడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితంగా దొరుకుతుంది. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ అయినా, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై బోర్డు అయినా సరిపోతుంది. అయినా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఈ మొదటి మెట్టు దగ్గరే విసిగిపోతారు. ఆదేశాలను వరసగా టైపు చేస్తారు గానీ, బ్రౌజర్ అడిగిన పేజీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోందో గమనించరు. ఆ దారి ఒక్కసారి పట్టుబడితే, ఎక్కడ ఆగిపోయినా ఎందుకు ఆగిందో తామే కనిపెట్టగలుగుతారు. ఇంటి సర్వర్ నేర్పే అసలు చదువు అదే.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని నిజాంసాగర్ చుట్టూ అల్లినవి. మంజీర నదిపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఈ జలాశయం పూర్తి మట్టం 1,405 అడుగులు, ఇప్పటి లెక్క ప్రకారం పూర్తి నిల్వ 17.8 టీఎంసీలు. వానాకాలం మొదలైందంటే ఆయకట్టు రైతులు రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే: మట్టం ఎంతకొచ్చింది? ఆ మట్టాన్ని రోజూ నమోదు చేసి, ఫోన్లో చూసుకునేలా చూపించే చిన్న పేజీని ఇంటి సర్వర్‌పై తయారు చేస్తున్నామనుకుందాం. అడుగులు, క్యూసెక్కులు, తేదీలు, తెలుగు ఊళ్ల పేర్లు అన్నీ అందులో ఉంటాయి. సర్వర్ అమరికలో ఎక్కడ లోపమున్నా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దాన్ని పట్టిస్తుంది.

పుట్టుక

గ్రీన్‌లాండ్‌లో పుట్టి కెనడాలో చదువుకున్న రాస్మస్ లెర్డార్ఫ్, తన వెబ్ పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో సీ భాషలో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని ‘పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్’ పేరుతో అందరికీ విడుదల చేశాడు. అపాచీ వెబ్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా అదే ఏడాది మొదలయ్యాయి. ఆ తర్వాత ఇజ్రాయెల్‌కు చెందిన ఆండీ గుట్మన్స్, జీవ్ సురాస్కీ ఆ భాషను కొత్తగా తిరగరాయగా 1998లో మూడో వెర్షన్ వచ్చింది. నాలుగోది 2000లో, ఐదోది 2004లో, ఏడోది 2015లో, ఎనిమిదోది 2020లో వచ్చాయి. ఆరో వెర్షన్ రానేలేదు. తెలుగువాళ్లకు ఆ లోటు బాగా తగిలింది. దాని కథ కింద వస్తుంది.

తెలుగు వెబ్‌కూ పీహెచ్‌పీకీ ఉన్న బంధం చిన్నది కాదు. వికీపీడియా మొదట్లో పెర్ల్ భాషలో నడిచేది. మాగ్నస్ మాన్‌స్కే పీహెచ్‌పీలో రాసిన సాఫ్ట్‌వేర్ 2002 జనవరిలో దాని స్థానంలోకి వచ్చింది. లీ డేనియల్ క్రాకర్ అదే ఏడాది దాన్ని మళ్లీ రాశాడు. ఆ వంశంలోదే నేటి మీడియావికీ. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది దాని మీదే. వేలాది తెలుగు బ్లాగులకు ఇల్లయిన వర్డ్‌ప్రెస్ కూడా 2003లో వచ్చిన పీహెచ్‌పీ సాఫ్ట్‌వేరే. ఈ రెంటినీ ఇంటి సర్వర్‌పై ఎక్కించుకోవచ్చు. పల్లెటూరి బడిలో ఇంటర్నెట్ లేకపోయినా, పిల్లలు రాసి దిద్దుకునే సొంత వికీ ఒకటి నడుస్తుందన్న మాట. ఇది చాలా బడుల్లో జరగవలసిన పని.

పేజీ నడిచే దారి

వెబ్ సర్వర్‌కు స్వతహాగా పీహెచ్‌పీ రాదు. అడిగిన ఫైలును డిస్కు మీద నుంచి తీసి పంపడం వరకే దాని పని. ఫలానా రకం ఫైలు వస్తే నువ్వు ముట్టుకోకు, ఫలానా వాడికి అప్పగించు, వాడిచ్చిన జవాబు పంపు అని సర్వర్‌కు చెప్పడమే అమరిక మొత్తానికీ ప్రాణం. ఈ అప్పగింత మూడు విధాలు.

మొదటిది, 1993 నాటి సీజీఐ పద్ధతి. ప్రతి అభ్యర్థనకూ పీహెచ్‌పీ ప్రోగ్రామును కొత్తగా లేపి, పని కాగానే పంపేస్తారు. సులువే గానీ నెమ్మది. రెండోది మాడ్యూల్ పద్ధతి: పీహెచ్‌పీ అపాచీ కడుపులోనే కూర్చుంటుంది. ఏళ్ల తరబడి ఇళ్లలోనూ, చవక హోస్టింగుల్లోనూ బాగా వాడుకలో ఉన్నది ఇదే. మూడోది ఎఫ్‌పీఎం. పీహెచ్‌పీ ప్రాసెస్‌లు కొన్ని ఎప్పుడూ మేలుకుని విడిగా కాచుకుని ఉంటాయి, వెబ్ సర్వర్ వాటికి ఒక సాకెట్ ద్వారా పని అందిస్తుంది. 2010లో 5.3.3 వెర్షన్‌తో ఇది పీహెచ్‌పీలో భాగమైంది. 2004లో వచ్చిన ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌కు మాడ్యూల్ పద్ధతి లేదు కాబట్టి దానితో సాధారణంగా ఎఫ్‌పీఎం వాడతారు.

అప్పగింత తప్పితే కనిపించే గుర్తులు వేరువేరుగా ఉంటాయి. బ్రౌజర్‌లో పేజీకి బదులు మనం రాసిన కోడే కనిపించినా, ఫైలు డౌన్‌లోడ్ అయినా, సర్వర్‌కు అప్పగించవలసినవాడెవరో తెలియలేదని అర్థం. నవ్వి వదిలేయదగ్గ తప్పు కాదిది: ఆ కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అదీ బయటపడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ ‘502 బ్యాడ్ గేట్‌వే’ అని చెబితే అప్పగించాల్సినవాడు తెలుసు, వాడు నిద్రపోతున్నాడు. ఎఫ్‌పీఎం సేవ ఆగిపోయిందేమో చూడాలి. తెల్లటి ఖాళీ పేజీ వస్తే పీహెచ్‌పీ దాకా పని చేరింది, స్క్రిప్టులోనే తప్పుంది, తప్పులు తెరపై చూపించే అమరిక ఆపేసి ఉంది. సగం చిక్కులు ఈ మూడు గుర్తుల దగ్గరే తేలిపోతాయి.

అమర్చుకోవడం

విండోస్ వాడేవాళ్లు ఎక్కువగా ఎక్స్‌ఏఎంపీపీ, వ్యాంప్ వంటి కట్టలను ఎంచుకుంటారు. అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేస్ మూడూ ఒకే ఇన్‌స్టాలర్‌లో వస్తాయి. ఎక్స్‌ఏఎంపీపీలో 2015 నుంచి మైఎస్‌క్యూఎల్ స్థానంలో దాని తోబుట్టువు మరియాడీబీ ఉంటోంది. మన ఫైళ్లు హెచ్‌టీడాక్స్ అనే ఫోల్డర్‌లో పెడితే సరి. అపాచీ లేవనని మొరాయిస్తే 80వ నంబరు పోర్టును ఇంకెవరో పట్టుకుని ఉంటారు; విండోస్‌లోనే ఉండే ఐఐఎస్ సేవ తరచుగా ఆ ఎవరో. పీహెచ్‌పీని విడిగా దించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అపాచీ మాడ్యూల్‌గా వాడాలంటే ‘థ్రెడ్ సేఫ్’ అని రాసి ఉన్న మూటే కావాలి, ‘థ్రెడ్ సేఫ్’ కానిది పని చేయదు.

డెబియన్, ఉబుంటు వంటి లినక్స్‌లో ఆప్ట్ ఆదేశంతో అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ మూటలను అడిగితే అప్పగింత కూడా దానంతటదే కుదిరిపోతుంది. డెబియన్ 12లో పీహెచ్‌పీ 8.2, ఉబుంటు 24.04లో 8.3 వస్తాయి. మూల మూటతో పాటు ఎంబీస్ట్రింగ్, ఐఎన్‌టీఎల్ అనే రెండు అదనపు మూటలను తెలుగు రాసేవాళ్లు తప్పకుండా అడిగి తెచ్చుకోవాలి. ఇంగ్లిష్‌లో దొరికే పాఠాలు వీటిని అంతగా పట్టించుకోవు.

ఏ సర్వరూ లేకుండా కూడా మొదలుపెట్టవచ్చు. 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి పీహెచ్‌పీలోనే ఒక చిన్న సర్వర్ ఉంది. ఒక్క ఆదేశంతో ఉన్న ఫోల్డర్‌ను 8000 పోర్టు మీద చూపిస్తుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. ఊరందరికీ చూపించడానికి మాత్రం అది పనికిరాదు.

అమరిక కుదిరిందో లేదో చూడటానికి పీహెచ్‌పీ ఇన్ఫో అనే ఫంక్షన్‌ను పిలిచే ఒక్క వరుస ఫైలు రాసి బ్రౌజర్‌లో తెరుస్తారు. పొడవాటి పట్టిక వస్తుంది. వెర్షన్ నంబరు చూసి మూసేయకూడదు; ‘లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్’ అనే వరుసను వెతకాలి. డెబియన్ తరహా లినక్స్‌లో కమాండ్ లైన్‌కు ఒక ఐఎన్‌ఐ (అమరికల) ఫైలు, అపాచీకి వేరొకటి, ఎఫ్‌పీఎంకు ఇంకొకటి ఉంటాయి. ఒకదాన్ని మార్చి రెండోదానిలో ఫలితం కోసం గంటలు చూసినవాళ్లు ఎందరో. ఏది మార్చినా సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి, చూడటం అయ్యాక ఆ ఇన్ఫో ఫైలును తీసేయాలి, ఎందుకంటే సర్వర్ గుట్టంతా అందులోనే ఉంటుంది.

ఐఎన్‌ఐ ఫైల్లో ముందుగా చూడవలసిన విలువలు కొన్నే. ఎక్కించే ఫైలు పరిమితి మొదట్లో 2 ఎంబీ, మొత్తం ఫారం పరిమితి 8 ఎంబీ. డ్యామ్ గేట్ల ఫొటోను ఫోన్లో తీసి పంపితే చాలాసార్లు 2 ఎంబీ దాటుతుంది. ఫారం ఏమీ చెప్పకుండా ఫొటోను మింగేసినట్టు అనిపిస్తుంది. స్క్రిప్టుకు ఇచ్చే మెమరీ 128 ఎంబీ, సమయం 30 సెకన్లు. మన పేజీకి ఇవి ఎక్కువే. తప్పులను తెరపై చూపించడం నేర్చుకునే రోజుల్లో ఉండాలి, పదిమందికీ తెరిచిన రోజున ఆపేసి లాగ్ ఫైలుకు మళ్లించాలి.

లినక్స్‌లో ఫొటోలు దాచే ఫోల్డర్‌కు రాసే హక్కు లేదన్న ఫిర్యాదు రాగానే 777 అనుమతి ఇచ్చేయమని సలహా చెప్పేవాళ్లు కనిపిస్తారు. ఆ సలహా వినకూడదు. డెబియన్‌లో అపాచీ ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే వాడుకరి పేరుతో పనిచేస్తుంది. ఆ ఒక్క ఫోల్డర్‌ను ఆ వాడుకరి సొంతం చేస్తే చాలు.

తెలుగు అక్షరాల దగ్గర

పీహెచ్‌పీకి వాక్యమంటే బైట్ల వరుస. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు. ‘నిజాంసాగర్’ అనే మాటను ఎస్‌టీఆర్‌లెన్ ఫంక్షన్‌కు ఇచ్చి పొడవెంతంటే 30 అంటుంది. ఎంబీస్ట్రింగ్‌లోని ఫంక్షన్‌ను అడిగితే 10 అంటుంది: న, గుడి, జ, దీర్ఘం, సున్న, స, దీర్ఘం, గ, ర, పొల్లు. ఐఎన్‌టీఎల్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్ మాత్రం మనిషి చదివినట్టు ని, జాం, సా, గ, ర్ అని 5 చెబుతుంది. మూడూ తమ తమ లెక్కలో నిజమే. ఏది ఎక్కడ వాడాలో తెలియకపోతేనే పేజీ పాడవుతుంది.

పట్టికలో చోటు చాలక పేరును 20 బైట్లకు కత్తిరించామనుకోండి. ‘నిజాంస’ వరకు 18 బైట్లు సరిపోతాయి, తర్వాతి దీర్ఘంలో మూడింట రెండు బైట్లు మాత్రమే వస్తాయి. తెరమీద ‘నిజాంస’ పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్లటి డైమండ్ బొమ్మ వస్తుంది. అదే సమాచారాన్ని ఫోన్ యాప్‌కు జేసన్ రూపంలో పంపబోతే, యూటీఎఫ్-8 చెడిపోయిందని, ఆ రూపంలోకి మార్చే ఫంక్షన్ అసలు జవాబే ఇవ్వదు. ఒక్క ఊరిపేరు మధ్యలో తెగితే పట్టిక మొత్తం మాయమవుతుంది.

ఆరో వెర్షన్ సంగతి ఇక్కడే. భాష లోపలి నుంచే యూనికోడ్ అర్థమయ్యేలా పీహెచ్‌పీని మార్చాలని 2005లో ఆండ్రీ జ్మియెవ్‌స్కీ నాయకత్వంలో పని మొదలైంది. లోపల యూటీఎఫ్-16 వాడాలన్న నిర్ణయం వల్ల పని బరువెక్కింది, వేగం తగ్గింది, చేసేవాళ్లు అలసిపోయారు. 2010లో ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. అప్పటికే ‘పీహెచ్‌పీ 6’ పేరుతో పుస్తకాలు కూడా వచ్చి ఉండటంతో తర్వాతి పెద్ద వెర్షన్‌కు ఏకంగా 7 అని పేరు పెట్టారు. తెలుగు, హిందీ, తమిళం రాసేవాళ్లు నేటికీ అదనపు మూటల మీద ఆధారపడుతున్నది అందుకే. 5.6 వెర్షన్ నుంచి పంపే పేజీ యూటీఎఫ్-8 అని పీహెచ్‌పీ తనంతట తానే ప్రకటిస్తోంది. అది కొంత ఊరట.

డేటాబేస్‌లో ఇంకో గోతి ఉంది. పాత మైఎస్‌క్యూఎల్ వెర్షన్లలో మొదటి నుంచీ ఉండే అక్షర సమితి లాటిన్-1. అందులో తెలుగు రాస్తే వరసగా ప్రశ్నార్థకాలు నిలుస్తాయి, ఒకసారి అలా పడ్డాక అసలు అక్షరాలు తిరిగి రావు. మైఎస్‌క్యూఎల్‌లోనే ‘యూటీఎఫ్8’ అని పిలిచేది మూడు బైట్ల వరకే దాచగలదు: తెలుగు నిలుస్తుంది, ఎవరైనా పక్కన ఒక ఎమోజీ పెడితే తప్పు వస్తుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’ ఎంచుకుంటే రెండూ ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ 8లో మొదటి నుంచీ ఉండేది అదే. పట్టికకూ, పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌కు కలిపే కనెక్షన్‌కూ రెండింటికీ ఇదే చెప్పాలి.

పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి యూటీఎఫ్-8గా దాచితే ఫైలు మొదట్లో కనిపించని మూడు బైట్లు చేరేవి. పీహెచ్‌పీ వాటిని అలాగే బ్రౌజర్‌కు పంపేసి, ఆ తర్వాత ‘హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయి’ అని ఫిర్యాదు చేస్తుంది. ఫైల్లో ఎంత వెతికినా తప్పు కనిపించదు. కోడ్ రాయడానికి తగిన ఎడిటర్ వాడటమే దీనికి మందు. ఇక ఊళ్లను అకారాది క్రమంలో పేర్చాలంటే బైట్ల వరుస నమ్మదగింది కాదు. యూనికోడ్‌లో సున్న ‘అ’ కన్నా ముందుంది, ‘ళ’ వచ్చి ‘వ’ కన్నా ముందు కూర్చుంది. ఐఎన్‌టీఎల్‌లోని కొలేటర్‌ను తెలుగుకు అమర్చుకుని వాడాలి, అదిచ్చిన వరుసను ఒకసారి నిఘంటువుతో సరిచూసుకోవాలి.

అంకెలూ వేళలూ

కాలమండలం చెప్పకపోతే పీహెచ్‌పీ గ్రీనిచ్ వేళకు సమానమైన యూటీసీని పాటిస్తుంది. మనకన్నా అయిదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకు నమోదు చేసిన మట్టం ముందురోజు రాత్రి 11:30 ఖాతాలో పడుతుంది. పగలంతా సరిగానే పనిచేస్తూ కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు వారాల తరబడి దొరకదు. ఐఎన్‌ఐ ఫైల్లో ‘ఏషియా/కోల్‌కతా’ అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, రోజుకు 86,400. కాబట్టి సుమారు 11,574 క్యూసెక్కుల వరద రోజంతా వస్తే ఒక టీఎంసీ చేరినట్టు. ఈ లెక్కను స్క్రిప్టు చేసి పెడితే చూసేవాళ్లకు ఎంతో మేలు. అయితే 17.8 టీఎంసీలను ఘనపుటడుగుల్లో రాస్తే 1,780 కోట్లు. 32 బిట్ల వ్యవస్థలో పీహెచ్‌పీ పూర్ణాంకం 214 కోట్ల 74 లక్షల చిల్లర దాటలేదు. దాటగానే చెప్పకుండా దశాంశ సంఖ్యగా మారిపోతుంది. పాత రాస్ప్‌బెర్రీ పై మీద ఈ పేజీ నడిపేవాళ్లు టీఎంసీల్లోనే లెక్క ఉంచుకోవడం మంచిది, లేదా 64 బిట్ల వ్యవస్థ ఎక్కించుకోవాలి.

ఫారంలో వచ్చిన ప్రతి విలువనూ పరీక్షించాలి. 1405కు బదులు 14050 పడితే గ్రాఫు ఆకాశానికి లేస్తుంది. తెలుగు అంకెల్లో ౧౪౦౫ అని రాస్తే పీహెచ్‌పీ దాన్ని సంఖ్యగా గుర్తించదు, ముందు మార్చుకోవాలి. డేటాబేస్‌కు పంపేటప్పుడు పాత పాఠాల్లో కనిపించే ‘మైఎస్‌క్యూఎల్_’ ఫంక్షన్లు 7.0 వెర్షన్ నుంచే లేవు. వాటికి బదులు పీడీఓ అనే పీహెచ్‌పీ డేటాబేస్ మార్గం వాడాలి, విలువలను ప్రశ్న వాక్యంలో అతికించకుండా విడిగా అందించాలి. అతికిస్తే ఎవరో ఒక చిలిపి వాక్యం పంపి పట్టికనే చెరిపేయగలరు.

కరెంటు

ఊళ్లో కరెంటు ఉన్నట్టుండి పోతుంది. రాస్తూ ఉండగా ఆగితే మెమరీ కార్డు మీది ఫైళ్లు చెడవచ్చు. డేటాబేస్‌లోని ఇన్నోడీబీ రకం పట్టికలు తమ చిట్టాను చూసుకుని చాలావరకు కోలుకుంటాయి గానీ, డేటాబేస్ లేవనే లేవని రోజులూ ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై 4 మామూలు పనికి పది వాట్లలోపే తీసుకుంటుంది కాబట్టి చిన్న యూపీఎస్ చాలాసేపు మోస్తుంది. రౌటర్‌ను కూడా దానికే తగిలించాలి, లేకపోతే సర్వర్ మేలుకున్నా ఎవరికీ కనిపించదు. రోజుకోసారి డంప్ ఆదేశంతో పట్టికలను ఒక ఫైలుగా తీసి వేరే పరికరంలో దాచాలి. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ను కాపీ చేసి దాన్ని బ్యాకప్ అనుకోకూడదు.

బయటికి తెరవడం

ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లన్నిటికీ సర్వర్ 192.168తో మొదలయ్యే చిరునామాతో కనిపిస్తుంది. చాలా అవసరాలకు అంతవరకే చాలు. బయటికి తెరవాలంటే రౌటర్‌లో పోర్టు మళ్లింపు, మారుతూ ఉండే చిరునామాకు డైనమిక్ డీఎన్ఎస్ కావాలి. మన దేశంలో చాలా కనెక్షన్లకు సొంత ఐపీవీ4 చిరునామా ఉండదు, ఎందరో చందాదారులు ఒకదాన్ని పంచుకుంటారు. రౌటర్ చూపించే బయటి చిరునామా 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే పోర్టు మళ్లించి ప్రయోజనం లేదు. ఐపీవీ6 వాడాలి, స్థిర చిరునామా కొనాలి, లేదా బయటి సర్వర్ నుంచి సొరంగం వేసుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచిత భద్రతా ధ్రువపత్రాలు ఇస్తుంది. 90 రోజుల గడువు గలవాటిని వాటంతటవే కొత్తవి అయ్యేలా అమర్చుకోవాలి.

తెరిచే ముందు 2024 జూన్‌లో జరిగింది తెలిసి ఉండాలి. విండోస్‌లో సీజీఐ పద్ధతిలో నడిచే పీహెచ్‌పీకి, చిరునామా చివర ప్రత్యేకమైన అక్షరం చేర్చి ఆదేశాలు పంపితే వాటిని అమలు చేసే లోపం బయటపడింది. 2012లో మూసిన పాత కన్నాన్నే, విండోస్ అక్షరాలను మార్చే తీరు మళ్లీ తెరిచింది. ఎక్స్‌ఏఎంపీపీ మామూలు అమరికే ఈ లోపానికి గురయ్యేలా ఉంది. 8.3.8, 8.2.20, 8.1.29 వెర్షన్లలో దాన్ని మూశారు. ఆ కట్టలు ఇంట్లో నేర్చుకోవడానికి కట్టినవి; వాటినే బయటికి తెరిచినవాళ్లు దెబ్బ తిన్నారు. ఇప్పుడు ప్రతి పీహెచ్‌పీ శాఖకూ రెండేళ్ల పూర్తి మద్దతు, మరో రెండేళ్ల భద్రతా మద్దతు ఉంటాయి. ఆ తర్వాత దాన్ని వదిలేయాల్సిందే.

రోజూ వందలమంది చూసే స్థాయికి మట్టాల పేజీ చేరితే అద్దె హోస్టింగుకు మార్చడమే మేలు. ఇంట్లో ఏ వెర్షన్‌పై రాశామో అక్కడా అదే ఎంచుకోవాలి, ఎంబీస్ట్రింగ్, ఐఎన్‌టీఎల్ ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగాలి. డంప్ ఫైలును అక్కడ ఎక్కించేటప్పుడు అక్షర సమితి యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పి, ముందుగా ఒక్క పట్టికను ఎక్కించి ఊళ్ల పేర్లు సరిగా చదవగలుగుతున్నామో చూసుకున్నాకే మిగిలినవి ఎక్కించాలి.